గుప్పిటంత ఖాళీ

నమోదు 4118. గేటు దించడానికి తొమ్మిది రోజులు.

ఈ పుస్తకాన్ని పై ఆఫీసువాళ్ళు చదువుతారట. చదవరని నాకు బాగా తెలుసు. పదకొండేళ్ళుగా రాస్తున్నాను, ఒక్క ప్రశ్న రాలేదు. ఇరవై రాళ్ళు చూశాను, ఇరవయ్యీ ప్రకృతే అని రాసి పంపితే వాళ్ళకి హాయి. గేటు దిగాక ఈ ఉద్యోగమే ఉండదు. కాబట్టి ఈ తొమ్మిది రోజులూ నాకు తోచినట్టు రాస్తాను.

పొద్దున్నే ముక్కుగుడ్డ దులిపి కట్టుకుని, నా వంతు ఆరు గ్లాసుల నీళ్ళు సీసాలో పోసుకుని వాగులోకి దిగాను. వాగు అంటున్నాం గానీ అందులో నీళ్ళు చూసిన మనిషి లేడు. ఎప్పుడో పారి ఎండిపోయిన లోయ అది. ఇంకో తొమ్మిది రోజుల్లో ధ్రువం మంచు కరిగించి సొరంగంలోంచి ఇందులోకి వదులుతారు, లోయ కింద గేటు దించి నిలబెడతారు. పద్నాలుగేళ్ళు తవ్విన సొరంగం. కొత్త గురజాలలో మూడు వందలమందిమి ఆ నీళ్ళ కోసమే ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం.

నీళ్ళు వచ్చేలోపు లోయలో రాళ్ళన్నీ చూసి తేల్చడం నా పని. మనకంటే ముందు ఇక్కడ ఎవరైనా కూర్చుని రాయి చెక్కారా, లేక ఎండకీ మంచుకీ రాయి దానంతటదే పగిలిందా? మొదటిదైతే 'హస్తం' అని, రెండోదైతే 'ప్రకృతి' అని సంతకం పెట్టాలి. హస్తం తేలిన చోట నీళ్ళు వదలకూడదు. భూమి వదిలి ఈ నేల మీద కాలు పెట్టకముందే మా తాతలు వేలిముద్ర వేసి ఒప్పుకున్న షరతు అది. వాళ్ళు పల్నాడు క్వారీల్లో బండలు కొట్టిన మనుషులు. రాయి తెలిసినవాళ్ళు కావాలని ఏరి మరీ తీసుకొచ్చారు.

నిన్న గేటు దగ్గర బండలు పగలగొట్టే తూటాలు పేల్చిన అదురుకి మూడో వంపు గట్టు జారింది. పాత బూడిద పొర కింద, చేటంత జాగాలో పెచ్చుల కుప్ప బయటపడింది. ఎవరూ కదపని కుప్ప. లెక్కపెడితే రెండొందల పద్నాలుగు పెచ్చులు.

రాయిని గట్టిగా కొడితే ఊడిన పెచ్చు లోపలివైపు చిన్న ఉబ్బు వస్తుంది. అక్కణ్ణుంచి గీతలు అలల్లా పాకుతాయి. కొండ మీంచి దొర్లిన రాయికీ అలాంటివి ఒకటో రెండో ఉండొచ్చు, కాదనను. కానీ దొర్లే రాయికి ఎటుపడితే అటు తగులుతుంది. ఒక గాయం పాతది, ఒకటి కొత్తది, రంగులే వేరు. ఈ కుప్పలో అన్నిటికీ ఒకటే రంగు, ఒకటే వయసు, అన్నీ ఒకే వైపు నుంచి తగిలిన దెబ్బలు.

నా దగ్గరున్న యంత్రం పేరు కన్ను. దాని ముందు పెడితే 'హస్తం ముప్పై ఎనిమిది శాతం, ప్రకృతి' అంది. ఇలాంటి కుప్పలు ఇంతకుముందు ఆరు చూశాను, ఆరింటికీ అదే చెప్పింది, నేనూ ప్రకృతి అనే సంతకం పెట్టాను. చెక్కితే దేన్నో చెక్కి ఉండాలి కదా, ఆ పనిముట్టేదీ అని అడుగుతారు పైవాళ్ళు. లోయంతా జల్లెడ పట్టినా ఒక్క పనిముట్టు దొరకలేదు. ఆ ఆరు కుప్పల మీద ఇప్పుడు గేటు గోడ, బడి, సామాన్ల షెడ్డు ఉన్నాయి.

ఇవాళ మాత్రం సంతకం పెట్టలేదు. ఎందుకో నాకే తెలియదు.

నమోదు 4119. ఎనిమిది రోజులు.

కుప్పని పళ్ళెంలో పెట్టి ఇంటికి తెచ్చాను. అంకారావు గేటు డ్యూటీ దిగి వచ్చేసరికి భోజనాల బల్ల నిండా పెచ్చులే. అంకారావు నా మొగుడు. గేటు దించే మీట దగ్గర ఉండేది ఆయనే.

"కంచం యాడ పెట్టుకోవాలే?" అన్నాడు.

"ఒళ్ళో పెట్టుకో మావా, ఎనిమిది రోజులేగా."

నవ్వాడు. ఈ మధ్య ఆయన ఊరికే నవ్వుతున్నాడు. గోడ మీద సున్నంతో గీతలు గీసి రోజుకొకటి కొట్టేస్తున్నాడు.

ఎందుకో చెప్పాలి. తొమ్మిదేళ్ళ కిందట కరువొచ్చి మనిషికి రోజుకి మూడు గ్లాసులే ఇచ్చిన ఏడు, మా పున్నమ్మ పోయింది. పద్నాలుగు నెలల పిల్ల. జ్వరం. నాలుక తెల్లగా ఎండిపోయింది. మా ఇద్దరి వంతూ దానికే పోశాం, చాలలేదు. పున్నమ్మ మా నాయనమ్మ పేరు. ఇక్కడి ఆకాశంలో చంద్రుడే లేడు, అయినా ఆ పేరే పెట్టుకున్నాం. పిల్లల మిట్ట మీద, నలభై మూడు చిన్న సమాధుల్లో దానిది చివరి వరసలో ఉంది. పిల్లల మిట్ట లోయలోనే ఉంది. గేటు దిగితే అది కూడా మునుగుతుంది.

సమాధులు మునగడం ఊళ్ళో చాలామందికి కష్టంగా ఉంది. అంకారావుకి కాదు.

"దప్పికతో పోయింది పిల్ల. ఆ నీళ్ళు ముందు దాని మీదకే రావాల. మీట దించేది నేనే. ఆ ఒక్క పని చేస్తే సాలు నాకు."

ఆ మాట ఆయన తొమ్మిదేళ్ళుగా అంటున్నాడు.

నమోదు 4121. ఆరు రోజులు.

రెండు రోజులుగా పెచ్చులు అతుకుతున్నాను. ఒక్కో పెచ్చు అంచు ఇంకో పెచ్చుకి పట్టిందాకా తిప్పి తిప్పి చూసి, జిగురు చుక్క పెట్టడం. మెడ పట్టేసింది. వేళ్ళు అక్కడక్కడ తెగాయి. అంత పదును ఉంది ఇన్ని వేల ఏళ్ళ తరవాత కూడా.

అతుకుతుంటే కొట్టిన వరస వెనక్కి తెలుస్తుంది. చివర కొట్టిన పెచ్చు ముందు, మొదట కొట్టింది ఆఖర్న. ఒకచోట దెబ్బ తప్పింది. అదే చోట ఇంకోసారి కొట్టి, అదీ తప్పి, రాయిని తిప్పి పట్టుకుని మూడోసారి మెల్లగా కొట్టారు. ఎండకి విసుగు రాదు, మంచు తొందరపడదు. ఆ రెండు తప్పిన దెబ్బల మీద వేలు పెట్టాను. ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టు వెనక్కి తిరిగి చూశాను.

సాయంత్రానికి రాయి మళ్ళీ రాయి అయింది. బయట గరుకు తొక్కతో సహా మొత్తం వచ్చింది. మధ్యలో మాత్రం ఖాళీ. చెక్కినవాళ్ళు తీసుకెళ్ళిపోయిన ముక్క అది.

ఆ ఖాళీలోకి ప్లాస్టర్ పోయాలి. ప్లాస్టర్ కలపడానికి నీళ్ళు కావాలి. నా ఆరో గ్లాసు పోశాను.

"ఏందే, పెదాలు పగిలినయ్? నీళ్ళు తాగలా?" అన్నాడు అంకారావు.

తాగానని అబద్ధం చెప్పాను.

నమోదు 4122. అయిదు రోజులు.

అతుకు ఒకచోట విప్పి అచ్చు ఊడదీశాను. ఒక పక్క గుండ్రం, ఒక పక్క సన్నటి అంచు. గొడ్డలి కాదు, ఉలి కాదు. నా అరచేతిలో పెట్టుకుంటే మధ్యలో ఎక్కడో తప్పిపోయింది. ఇంత చిన్నది ఎవరి చేతికి?

ఇలాంటిది ఒకసారి కళ్ళు మూసుకుని పట్టుకున్నానని చేతికి గుర్తొచ్చింది. ఆ తరవాత లేచి యల్లమంద తాత ఇంటికి వెళ్ళాను. ఈ నేల మీద పుట్టిన మొదటి బిడ్డ ఆయనే. పిల్లల మిట్టకి కాపలా కూడా ఆయనే.

మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున తల్లి కళ్ళకి గుడ్డ కట్టుకుని వాగు గట్టున కూర్చోవాలి. చేత్తో తడిమి ఒక రాయి ఏరాలి. చూడకుండానే ఆముదం రాసి, గుడ్డసంచిలో పెట్టి నాలుగు వైపులా కుట్టేయాలి. అది గుప్పిట రాయి. బిడ్డ ఊయలకి కడతారు, పెద్దయ్యాక మెడలో వేస్తారు, పోయాక గుప్పిట్లో పెట్టి పూడుస్తారు. సంచి విప్పి చూడకూడదు. కొత్త నేలకి బిడ్డని అప్పజెప్పడం అని మొదట వచ్చిన ఆడవాళ్ళు పెట్టుకున్న పద్ధతి.

"తాతా, కళ్ళు మూసుకుని ఏరడం ఎందుకు? చూసి ఏరితే ఏం పోయింది?"

"మా అమ్మ చెప్పేది. మనం ఏరేది కాదంట. మన చేతిని పట్టుకునే రాయి ఒకటి ఉంటదంట, అది దొరికిందాకా తడమాలంట. ఎందుకమ్మాయ్, ఇయ్యాల అడుగుతున్నావ్?"

ప్లాస్టర్ అచ్చు ఆయన చేతిలో పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పాడు. మెడలో సంచి తీసి, పీట మీదున్న కత్తితో కుట్లు కోశాడు. డెబ్బై ఏళ్ళు నిండిన మనిషి, తన రాయిని మొదటిసారి చూసుకున్నాడు.

ఒక పక్క గుండ్రం, ఒక పక్క సన్నటి అంచు. ఉబ్బులు, అలల గీతలు, ఒకటే రంగు. లెక్కపెట్టాను, ముప్పై ఒక్క దెబ్బలు.

"ఏంది సైదమ్మా ఇది?" అన్నాడు.

పదకొండేళ్ళుగా పనిముట్టు దొరకలేదని రాస్తున్నాను. ఎక్కడ దొరుకుతుంది? డెబ్బై ఏళ్ళుగా మా తల్లులు ఏరి తీసుకెళ్ళిపోయారు. చేతికి పట్టే రాళ్ళన్నీ మా మెడల్లో, మా ఊయలలకి, మా సమాధుల్లో ఉన్నాయి. చూపే వృత్తి అయిన నేను కూడా కళ్ళకి గుడ్డ కట్టుకునే ఏరాను.

నమోదు 4123. నాలుగు రోజులు.

ఆకాశంలో తిరిగే పై ఆఫీసు తలమీదుగా పోతున్నప్పుడు మార్తమ్మ గారికి అన్నీ చెప్పాను. ఆవిడ నా పై అధికారి. ఎప్పుడూ ముఖం చూడలేదు. గంటలో జవాబు వచ్చింది.

"సైదమ్మ గారికి. మనుషుల మెడలో డెబ్బై ఏళ్ళు తిరిగిన రాయి సాక్ష్యంగా చెల్లదు. దొరికిన చోటు కూడా తెలియదు. కదపని కుప్పలోని ఖాళీకి సరిగ్గా పట్టే రాయి చూపితే హస్తంగా అంగీకరిస్తాం. లేదంటే గడువులోగా ప్రకృతి సంతకం పంపండి. హస్తం అయితే నీటిని ఉప్పులోయకి మళ్ళించాలి. దానికి మరో ఏడేళ్ళు పడుతుందని గమనించండి."

ఆవిడ చెప్పింది తప్పు కాదు. అదే నాకు మండింది.

పదేళ్ళ కిందట, పున్నమ్మ ఇరవై ఒకటో రోజున, నేను కూర్చున్నది మూడో వంపు గట్టునే. ఇప్పుడు జారిన గట్టు, అదే. కుప్పకి రెండు బారల దూరం. నా చేతిని పట్టుకున్న రాయి ఇప్పుడు చివరి వరసలో ఉంది.

అన్నం పెట్టి, ఆయన తినడం అయ్యాక చెప్పాను. అంకారావు గోడ మీద గీతలకేసి చూశాడు.

"ఏడేళ్ళు," అన్నాడు. "ఆరు గ్లాసులతో ఇంకో ఏడేళ్ళు. ఊళ్ళో ఇప్పుడు నలుగురు కడుపుతో ఉన్నారు. తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎవుడో రాయి కొట్టుకుని పోయినాడు. ఎప్పుడో. వాడు లేడు, వాడి జాతే లేదు. వాడి కోసం పిల్లని తవ్వుతావా?"

"వాడు ఉన్నాడని నాకు తెలిసిపోయింది మావా. తెలిశాక లేడని ఎట్టా సంతకం పెట్టను? ఆరుసార్లు పెట్టా. ఏడోసారి నా వల్ల కాదు."

"దానికి నీళ్ళు రానియ్యవా?"

ఏడ్చాను. ఆయన కంచం కడగకుండానే బయటికి వెళ్ళిపోయాడు. ఇసకతో కడగడమే అయినా, ఎప్పుడూ తన కంచం తనే కడుక్కునే మనిషి.

నమోదు 4124. మూడు రోజులు.

మిట్ట మధ్యాహ్నం గునపం, కన్ను, అతికిన రాయి తీసుకుని పిల్లల మిట్టకి వెళ్ళాను. యల్లమంద తాత అక్కడే ఉన్నాడు. ఆపలేదు. తల పక్కకి తిప్పుకున్నాడు.

రెండు పోట్లు పొడిచానో లేదో వెనక నుంచి చెయ్యి వచ్చి గునపం పట్టుకుంది. అంకారావు. డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు.

"నువ్వు తవ్వబాక. అడ్డదిడ్డంగా పొడుస్తావ్, దానికి తగులుద్ది. నేనే పూడ్చా, నేనే తీస్తా."

చేతులతోనే తీశాడు చాలావరకు. నేల పొడిగా ఉంది. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఏం కనిపించిందో ఈ పుస్తకంలో రాయను. పై ఆఫీసుకి అది అక్కర్లేదు.

సంచి చెక్కుచెదరలేదు. నా కుట్లే, వంకరటింకరగా. పురిటి నీరసంతో కుట్టాను అప్పుడు. కోసి, చేత్తో ముట్టకుండా పట్టుకారుతో తీసి, కన్ను ముందు పెట్టి, అతికిన రాయిలోని ఖాళీలోకి దించాను. చప్పుడు కూడా కాలేదు. జారి కూర్చుంది. అంచుల మధ్య వెంట్రుక పట్టే సందు లేదు.

కన్ను 'హస్తం, తొంభై తొమ్మిది' అంది. నాకు సంతోషం కలగలేదు. భయం వేసింది, అంతే.

అంకారావు ఒంగి చూస్తూ అడిగాడు.

"ఇంత కష్టపడి చెక్కి దీంతో ఏం కోసేవోళ్ళు?"

భూతద్దం పెట్టి అంచంతా చూశాను. తోలు కోస్తే అంచు మెరుస్తుంది, కట్టె కోస్తే చిన్న చిన్న నొక్కులు పడతాయి. ఇక్కడ ఒక్క నొక్కు లేదు, ఎక్కడా మెరుపు లేదు. మొన్న చూసిన తాత రాయి అంచు కూడా ఇలాగే ఉంది.

"ఏమీ కొయ్యలేదు మావా. చెక్కి, ఒక్కసారి కూడా వాడలేదు."

ఆయన రాయిని చూశాడు. గుంతలోకి చూశాడు.

"మనమూ వాడలేదుగా," అన్నాడు.

నమోదు 4125. రెండు రోజులు.

పొద్దున్నే ఇద్దరం మూడో వంపుకి వెళ్ళాం. కుప్ప ఉన్న చోట మెత్తటి కుంచెతో బూడిద తుడిచాను. ఇన్నేళ్ళలో ఏ కుప్ప కిందా నేను చూడలేదు. పెచ్చులు తీసుకోవడం, లెక్కపెట్టడం, సంతకం పెట్టడం.

కుప్ప పక్కన నేల రంగు వేరుగా ఉంది. నల్లటి మన్ను, కోలగా, మూరెడు పొడవు, జానెడు వెడల్పు. తవ్వి పూడ్చిన గుంత. వాగువైపు అంచు ఎప్పుడో కోసుకుపోయింది. అందులోంచే రాయి గట్టు మీదకి జారి ఉంటుంది. అక్కడే నేను కళ్ళకి గుడ్డ కట్టుకుని కూర్చున్నాను.

గుంత పక్కన కూర్చుని చెక్కారు. రెండు దెబ్బలు తప్పాయి. చెయ్యి వణికి ఉంటుంది.

అంకారావు ముక్కుగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. నేను ఆ మూరెడు మన్ను మీద చెయ్యి వేసి కూర్చున్నాను. మెడల్లో, ఊయలలకి మేం కట్టుకున్నవన్నీ ఎవరి పిల్లల గుప్పిట్లోంచి వచ్చాయో ఇప్పుడు తెలిసింది. లోయ నిండా పిల్లలే ఉన్నారు. ఆరు చోట్ల నేనే లేరని రాశాను, వాటిలో ఒకదాని మీద మా పిల్లలు అక్షరాలు దిద్దుకుంటున్నారు.

తవ్వలేదు. హస్తం అని రాసి, కింద సంతకం పెట్టి పంపాను.

నమోదు 4126. ఒక్క రోజు. ఇక రోజులు లెక్కపెట్టక్కర్లేదు.

మార్తమ్మ గారు అంగీకరించారు. గేటు ఆపేశారు. రాయిని పైకి పంపమని కబురు పెట్టారు. పంపను. కావాలంటే కిందికి వచ్చి, మూడో వంపు దగ్గర కూర్చుని, నాతో మాట్లాడి తీసుకెళ్ళమనండి.

ఊళ్ళో నాతో మాట్లాడేవాళ్ళు లేరు. నీళ్ళ వరసలో నా ముందున్న ఆమె తొమ్మిదో నెల కడుపుతో ఉంది. నన్ను చూసి సీసా అటువైపు పెట్టుకుంది. ఆమెని ఏమని తప్పుపట్టను? నాకూ ఒకనాడు మూడు గ్లాసులు చాలలేదు.

పున్నమ్మ రాయిని ఆ నల్లటి మన్నులో, జానెడు లోతున పెట్టేశాం. అది వాళ్ళది. యల్లమంద తాత వచ్చి, తన రాయి ఎవరిదో తెలియదంటూ దాని పక్కనే పెట్టి వెళ్ళాడు.

ఆ తరవాత మిట్టకి వచ్చాం. పున్నమ్మ గుప్పిట ఖాళీగా ఉంది. అంకారావు వాగులోంచి నల్లరాయి ఒకటి, కొట్టడానికి గుండ్రాయి ఒకటి తెచ్చుకున్నాడు. తాతముత్తాతలు బండలు కొట్టారన్నమాటే గానీ ఆయన ఎప్పుడూ రాయి చెక్కలేదు, మీటలు దించడమే తెలుసు. సమాధి పక్కన కూర్చుని మొదలుపెట్టాడు. మొదటి రాయి రెండుగా పగిలింది. రెండోది చేతిలోనే పిండి అయింది. బొటనవేలు చితికింది. నేను చేస్తానంటే ఒప్పుకోలేదు. పొద్దు వాలుతుండగా ఒకటి కుదిరింది. ఒక పక్క గుండ్రం, ఒక పక్క కొంచెం వంకర.

ఇద్దరం కలిసి పూడ్చాం. ఆయన తన ఆరు గ్లాసులూ సీసాలోనే దాచుకున్నాడు పొద్దుట్నుంచీ. మూత తీసి మన్ను మీద పోసేశాడు. నేల ఒక్క గుటకలో తాగేసింది. నేను వద్దనలేదు. రాత్రికి నా గ్లాసులో సగం ఆయనకిచ్చాను.

ఈ పుస్తకం పై ఆఫీసు కోసం కాదని ఇప్పుడు అర్థమైంది. మేం కూడా పోయాక, ఎన్ని వేల ఏళ్ళకో, ఈ మిట్ట మీదకి ఎవరో వచ్చి కూర్చుంటారు. వాళ్ళ కోసం రాస్తున్నాను.

చివరి వరస, చివరి సమాధి. ఎడమ పక్కన మూరెడు దూరంలో పెచ్చుల కుప్ప ఉంది. నూట అరవై మూడు. ఊడవలేదు, కదపలేదు. చాలా దెబ్బలు తప్పాయి. పనిముట్టు కోసం వెతకకండి, అది గుప్పిట్లో ఉంది. దానితో ఎవరూ ఏమీ కొయ్యలేదు.

హస్తం.

సైదమ్మ.